రెండు వైపులా కాజాలు

టైలరు మాస్టరు మతిమరుపు సంగతి వీధి వీధంతా ఎరిగిందే. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే మర్చిపోయింది మాస్టరే. కుళాయి కట్టెయ్యకుండా నిద్రపోయిందీ మాస్టరే. బడిపిల్లల చొక్కాలకి రెండు వైపులా కాజాలు కుట్టి, గుండీ అన్నది ఒక్కటీ పెట్టకుండా పంపిందీ ఆ మహానుభావుడే. "అయ్యో, నా బుర్ర తగలెయ్య! నేనే మర్చిపోయాను" అని అందరికంటే ముందు తనే ఒప్పేసుకునేవాడు. ఒప్పుకున్నవాణ్ని ఎవరు మాత్రం ఏమంటారు?

అసలు సంగతేమిటంటే, మాస్టరు జన్మలో కాజా కుట్టి ఎరగడు. బట్ట కత్తిరించడం, మిషను తొక్కడం ఆయన పని. కాజాలూ గుండీలూ ఆయన భార్యవి. పెళ్లయిన నాటి నుంచీ అంతే. ముందుగదే దుకాణం. కిటికీ దగ్గర ఆయన మిషను, గోడవారన ఆమె ముక్కాలిపీట. పాలు మర్చిపోయిందీ, కుళాయి వదిలేసిందీ ఆ పీట మీద మనిషే. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే, మాస్టరు కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని, అక్కర్లేని కాజాల్ని రఫూ చేసి మూసి వాటి మీద గుండీలు కుట్టేవాడు. ఆయన కుట్టిన గుండీ వారం తిరక్కుండా ఊడొచ్చేది. "మతితో పాటు చెయ్యి కూడా పోయింది, పాపం" అనుకునేవాళ్లు జనం.

ఇంత నాటకం ఎందుకయ్యా అంటే, దానికో మాటుంది. ఆమె అక్కకి ముసలితనంలో ఇలాగే మరుపొచ్చింది. చుట్టాలు ఆవిణ్ని కూచోబెట్టి, "నేనెవర్నో చెప్పు చూద్దాం" అని అడిగి, ఆవిడ తప్పు చెబితే పడీపడీ నవ్వేవాళ్లు. చూసొచ్చిన రోజున ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది. "నాకూ అలా వస్తే నన్ను చూసి ఎవర్నీ నవ్వనివ్వకండి" అంది. "నేనుండగా ఎవడే నవ్వేది?" అన్నాడు మాస్టరు. అన్నమాట నిలబెట్టుకుంటున్నాడు, అంతే. పైగా పోయిన మతిని ఏ మందూ తిరిగి తేలేదని ఆయన నమ్మకం. విషయం బయటపడితే కూతురు తల్లిని తనింటికి తీసుకుపోతుందనీ, చేతిలో సూది లాగేసుకుంటుందనీ భయం. సూది లేకపోతే ఆమె ఇంకెందుకు లేస్తుంది పొద్దున్నే?

కూతురు ఊరుకునే రకం కాదు. ఓ రోజు తండ్రిని పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది. ఇంట్లో ఒక్కతీ ఉండటం ఎందుకని తల్లినీ వెంటబెట్టుకుంది.

"ఇవాళ ఏం వారం మాస్టారూ?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆదివారం."

"ఆదివారమైతే నేను ఇంట్లో పడుకుని ఉండేదాన్ని" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

కూతురు కళ్లు తుడుచుకుంది. మాస్టరుకి ప్రాణం ఉసూరుమంది. పిల్లని ఏడిపించాల్సొచ్చిందే అనుకున్నాడు గానీ మాట మార్చలేదు. తలలో రక్తనాళాలు ఎక్కడన్నా మూసుకున్నాయేమో చూడాలని డాక్టరమ్మ స్కాన్ రాసింది.

స్కాన్‌లో ఏమేం పడతాయో అందరికీ తెలిసిందే. నాళాలు పడతాయి, వాటి సందుల్లో ఆ కాసేపూ మనిషి ఏం తలుచుకుంటే అది పడుతుంది. ఆమధ్య ఒకాయన మామగార్ని తిట్టుకుంటూ పడుకుంటే ఫిల్ము నిండా మామగారే. నాళాలు కనపడక మళ్లీ తియ్యాల్సొచ్చింది. అందుకని స్కాన్ తీసే అమ్మాయి ఎవరొచ్చినా ఒకటే చెబుతుంది.

"కదలకండి బాబాయ్‌గారూ. గోడను తలుచుకోండి. తెల్లటి గోడ. బొమ్మ శుభ్రంగా వస్తుంది." అంటూనే ఆయన కాలరుకి గుచ్చి ఉన్న సూది తీసింది. "ఇనుము లోపలికి రాకూడదు" అని, దాన్ని బయట కూచున్న మాస్టరు భార్య చేతిలో పెట్టి వచ్చింది.

మాస్టరు బుద్ధిగా గోడను తలుచుకున్నాడు. ఏ గోడని తలుచుకుంటాడు? ఆయనకి బాగా తెలిసిన గోడ దుకాణం గోడే. గోడ వచ్చాక గోడవారన పీట రాకుండా ఉంటుందా? పీట వచ్చాక పీట మీద మనిషి? వద్దు వద్దనుకున్నాడు. కోతిని తలుచుకోకుండా మందు తాగమన్నట్టే అయింది ఆయన పని.

డాక్టరమ్మ ఫిల్ముని లైటు మీద పెట్టింది. "నాళాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మాస్టారూ, మీకు మరుపేమిటి?" అంది. కూతురు నాళాలు చూడటంలేదు. వాటి మధ్య వాళ్లమ్మ పీట మీద కూచుని ఉంది. ఒళ్లో చొక్కా, రెండు వైపులా కాజాలు. చేతిలో సూదిని, ముక్కూమొహం తెలియని వాళ్లని చూసినట్టు చూస్తోంది.

అప్పుడే తల్లి తలుపు తోసుకుని వచ్చి అరచెయ్యి చాపింది. "ఇది నా చేతిలో ఎవరో పెట్టారు. ఎవరిదో ఏమో."

"నాదే. నేనే ఇచ్చి మర్చిపోయాను" అన్నాడు మాస్టరు.

"నాన్నా, ఇక చాలు" అంది కూతురు. "నాకెందుకు చెప్పలేదు?"

"నవ్వుతారని..."

"నేనా? మా అమ్మని చూసి నేను నవ్వుతానా?" అని, చిన్నపిల్లలా భోరుమంది.

తల్లికి బీపీ చూస్తే డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఆ సాయంత్రమే ఆమెకీ స్కాన్ తీశారు. నల్లటి గుడ్డ మీద దర్జీ సుద్ద విదిలించినట్టు, ఫిల్ము నిండా తెల్లటి మచ్చలు.

"సన్నటి నాళాలు మూసుకుపోయిన చోట్లివి. బీపీ ఎక్కువై, ఎవరూ చూడక ఇలా అయింది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు. మాత్రలు మానకూడదు, నడవాలి, చేతికి పనుండాలి. ఇంకా ఆలస్యం చేసుంటే ఈ పాటి మాట కూడా చెప్పలేకపోయేదాన్ని."

కాపాడుతున్నాననుకుని మాస్టరు ఎంత పని చేశాడు! కుర్చీ పట్టుకుని, "సూది... సూది ఇవ్వొచ్చాండీ?" అని అడిగాడు.

"ఇవ్వకపోతే తిడతాను" అంది డాక్టరమ్మ.

ఆమె ఫిల్ములో ఆ మచ్చల సందున, తలుచుకోమన్న తెల్లటి గోడ లేదు. ఓ ముసలాయన కళ్లజోడు ముక్కు చివరికి లాక్కుని, నాలిక బయటపెట్టి, వంకరటింకరగా గుండీ కుడుతున్నాడు. పడుకున్నవాళ్లు ఓరకంట చూస్తే ఎలా కనిపిస్తాడో అలా ఉన్నాడు.

"నువ్వు నిద్రపోయేదానివి కాదుటే?" అన్నాడు మాస్టరు తెల్లబోయి.

"పక్కన అంత దరిద్రంగా గుండీ కుడుతుంటే నిద్రెలా పడుతుందండీ?"

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకునేదాన్ని" అంది ఆమె. "మర్చిపోయేదాన్ని."

తల్లిని కూతురెక్కడికీ తీసుకుపోలేదు. తనే రోజూ సాయంత్రం వచ్చి మాత్ర మింగించి, ఇద్దర్నీ వీధి చివరిదాకా నడిపిస్తోంది. పీటకి ఎదురుగా ఓ చొక్కా తగిలించింది, కాజాలెటో గుండీలెటో అమ్మకి కనబడేలా. కుట్టేముందు ఆమె దానివంక ఓసారి చూసుకుంటుంది.

మొన్న కూతురు వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన.

"పాలు ఎవరు మర్చిపోయారు?"

"నేనే" అన్నాడు మాస్టరు, అలవాటు కొద్దీ.

"మీ మొహం! నేను" అంది ఆమె, గుండీ కింద దారం చుట్టి పంటితో తెంపుతూ.

కూతురు తండ్రి వంక చూసింది, తండ్రి గోడ వంక చూశాడు. ముందు నవ్వింది ఆ పీట మీద మనిషే.