మిక్సీకి సెలవు

"మిక్సీ నేలని తాకదు కదే, దానికేం దోషం?"

పెళ్ళయిన ఏడాది అత్తగారు అన్న ఆ ఒక్క మాటతో పద్దెనిమిదేళ్ళుగా రజ పండగనాడు కూడా కుంతల ఆవాలు రుబ్బుతూనే ఉంది. ఆ మూడు రోజులూ భూమి బహిష్టు. ఒడిశాలోని ఈ కేంద్రపడ చుట్టుపక్కల ఎవరూ నాగలి దించరు, గునపం పట్టరు. సన్నికల్లుని కూడా కడిగి గోడకి ఆనించి పడుకోబెడతారు. ఆడవాళ్ళు పని మానేసి ఊయలలూగాలి. కుంతల ఇంట్లో మాత్రం సన్నికల్లుకే ఆ భాగ్యం.

కాలేజీలో ఆమె చెప్పేది పర్యావరణం, ఆధ్యాత్మికత. సెలవులకి ముందురోజు ఈ పండగే పాఠం. "భూమిని తల్లీ అని మొక్కితే చాలదు. ఆమె అలసిపోతుందని కూడా ఒప్పుకోవాలి," అని ముగించి, బాగానే చెప్పాననుకుంటూ చేతికంటిన సుద్ద దులుపుకుంది. వెనక బెంచీలో ఇతిశ్రీ లేచింది.

"మేడమ్, మీరు ఊయలెక్కుతారా?"

"ఎక్కకుండా ఉంటానా?" నోరు జారింది.

"అయితే రేపు పొద్దున్నే మీ ఇంటికొస్తాం!" క్లాసంతా గోల.

ఇల్లు చేరేదాకా ఆ గోల చెవుల్లోనే ఉంది. అబద్ధమాడినందుకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది ఇంకొకందుకు. పెరట్లో మామిడికొమ్మకి ఏటా ఊయల తనే కట్టిస్తుంది, వీధిలో పిల్లలందరినీ తనే ఎక్కిస్తుంది. తనెందుకు ఎక్కలేదు? పొమ్మన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. "ఆవాలు రుబ్బేసి వెళ్ళు" అన్నారంతే. రుబ్బేసరికి చేప, చేప అయ్యేసరికి చుట్టాలు.

తెల్లవారింది. భర్త నిరాకార్ రోహు చేపతో వచ్చాడు. "ఆవపిండి కాస్త ఘాటుగా ఉండాలి సుమా!"

కుంతల మిక్సీ ప్లగ్గు తీసింది. జార్ కడిగి తుడిచి, సన్నికల్లు పక్కన పెట్టింది. రెండింటికీ పసుపు రాసి చెరో మందారం పెట్టింది.

"ఇదేంటి కొత్తగా?" నిరాకార్ నోరు తెరిచాడు.

"దీనికీ మూడు రోజులు సెలవు. నాక్కూడా."

"పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి ఇంట్లోనూ మొదలెట్టావా? మరి చేప?"

గేటు దగ్గర ఇతిశ్రీ వాళ్ళ నవ్వులు వినిపించాయి. కుంతల కాళ్ళకి పారాణి ఇంకా ఆరనేలేదు. వెళ్ళి ఊయలెక్కింది. పిల్లలు ఒక్క ఊపు ఊపేసరికి మామిడాకులు మొహానికి తగిలాయి. పద్దెనిమిదేళ్ళుగా ఈ పెరట్లో తిరుగుతున్నా, పక్కింటి డాబా మీద పావురాల గూళ్ళున్నాయని ఆమెకి ఇవాళే తెలిసింది.

వసారాలోంచి అత్తగారు కర్ర పొడుచుకుంటూ వస్తోంది. కుంతల గబుక్కున కాళ్ళానించి ఊయల ఆపింది.

"కాస్త జరుగు," అంది ముసలావిడ, పక్కన కూలబడుతూ. "నలభై ఏళ్ళయిందే ఇదెక్కి."

"అమ్మా, నువ్వు కూడానా! ఆవాలెవరు రుబ్బుతారు?" నిరాకార్ ఖాళీ గిన్నెతో గుమ్మంలో నిలబడ్డాడు.

"భూమాతకి బహిష్టు కానీ నీకేమొచ్చిందిరా? నువ్వు రుబ్బొచ్చు," అని తల్లి కర్ర పక్కన పడేసింది. "ఊపండర్రా పిల్లలూ!"