ఎరుపు మింగేసిన పెళ్లిచూపులు

మా తమ్ముడు జిబిన్ ఏ తేదీనీ తలలో పెట్టుకోడు. వాడు ప్రోగ్రాములు రాసుకునే ఈమ్యాక్స్ ఎడిటర్‌లోనే ఒక క్యాలెండర్ ఉంది, అన్నీ అందులోనే రాసి మర్చిపోతాడు. పని ఉన్న తేదీ ఆకుపచ్చగా, సెలవు ఎర్రగా కనిపిస్తుంది. ఆకుపచ్చ కనిపిస్తే బయల్దేరతాడు, లేకపోతే లేదు. ఇలాంటివాడికి పిల్లనెవరిస్తారని ఏళ్ల తరబడి బెంగపెట్టుకున్నాను. చివరికి చంగనాశేరిలో షెర్లిన్ దొరికింది. ఆ పిల్లకూ అదే ఎడిటరు, అదే పిచ్చి. ఈ సంబంధం తప్పిపోతే వీడిక జన్మంతా ఒంటిగాడే అని నాకు గట్టిగా అనిపించింది.

ఓణం పండగ మర్నాడు పొద్దున్నే పెళ్లిచూపులు. జరీ అంచు కసవు చీర కట్టుకుని, కారు పిలిపించి చూస్తే పెళ్లికొడుకు లేడు. పడవ పందెంలో తెడ్డు వేయడానికి పోయాడట. ఫోను మంచం మీదే ఉంది. అబద్ధం చెప్పడం చేతకాక షెర్లిన్‌కే ఫోన్ చేశాను.

"ఇవాళ సెలవు కదా చేచీ," అంది, అప్పుడే వాడిలాగే నన్ను అక్కను చేసేసి. "ఎరుపు మీదపడి పెళ్లిచూపుల ఆకుపచ్చను మింగేసి ఉంటుంది. పాపం ఖాళీ అనుకున్నారు. ఏ రేవో చెప్పండి, మేమే వస్తాం."

అబ్బాయిని చూడ్డానికి అమ్మాయి రావడం మా ఇళ్లలో నేనెప్పుడూ వినలేదు. అయినా నేను రేవు చేరేసరికి వచ్చేసింది, వాళ్ల నాన్న కురియచ్చన్‌ను వెంటబెట్టుకుని. అప్పుడే మావాళ్ల పడవ అందరికంటే ఆఖరున గట్టు చేరింది. తడిసిన పంచెతో పైకొస్తున్న జిబిన్ మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఓడిపోయారుగా," అంది షెర్లిన్.

"చేచీ, పెళ్లిచూపులు ఇవాళా?" అని నా చెవిలో గొణిగాడు.

"కాదురా, నీ బాప్తిస్మం."

వాడి ముఖం కందిపోయింది. "క్షమించండి. ఇంటికెళ్లగానే క్యాలెండర్లో సెలవులన్నీ తీసిపారేస్తాను. ఇక పనులే కనిపిస్తాయి."

"సెలవులు తీసేసే మొగుడు నాకొద్దు," అంది షెర్లిన్.

నేను బతిమాలబోయాను. ఆ పిల్ల మాత్రం తాపీగా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసింది. "రెండూ ఒకే చోటికి ఎగబడితేనే కదా తగువు. సెలవుకి అంకె వెనకాల పసుపు పూద్దాం. పనికి అంకెనే ఆకుపచ్చ చేద్దాం. ఎవర్నీ గెంటక్కర్లేదు."

"నాకు తట్టనే లేదే," అని వాడు తడి బట్టలతోనే ఆమె పక్కన కూలబడ్డాడు. ఇద్దరి తలలూ తెర మీదకు వంగాయి. కురియచ్చనూ నేనూ అరటికాయ చిప్స్ నములుతూ నిలబడ్డాం.

"అమ్మాయి కాఫీ ఇవ్వడం లాంటివేం లేవా అమ్మా?" అన్నాడాయన.

"ముందు వాళ్లు తలెత్తాలి కదా," అన్నాను.

"కుదిరిందో లేదో చూడాలి," అన్నాడు జిబిన్. "ఇవాళ్టి తేదీకి క్యాలెండరే వేరే గుర్తు పెడుతుంది, రంగు తెలియదు, పనికిరాదు. సెలవూ పనీ కలిసిన ఇంకో రోజు కావాలి."

షెర్లిన్ మహానవమి దగ్గరికెళ్లి ఏదో రాసింది. తెర మావైపు తిప్పింది. పసుపు మీద ఆకుపచ్చ అంకె నిగనిగలాడుతోంది. పక్కన రాసింది చదివి జిబిన్ చటుక్కున లేచి నిలబడ్డాడు. కురియచ్చన్ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు.

"జిబిన్, షెర్లిన్ నిశ్చితార్థం."

నేను ఆ పిల్లను గట్టు మీదే వాటేసుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చర్చిలో ఫాదర్‌తో నేను మాట్లాడతాలే," అన్నాడు.