టబ్బులో రాళ్ళు

స్నానాల గదిలో చిన్న పీట వేసుకుని, పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో ఆమె రాయిని రుద్దుతోంది. మామూలు రాయి కాదది. సముద్రంలోంచి తీసింది, సందుసందునా ఏవో ప్రాణాలు అంటిపెట్టుకుని ఉన్నది. దారిలో చచ్చినవన్నీ కుళ్ళి రాలిపోయేదాకా ఉప్పునీళ్ళ టబ్బులో ఉంచాలని, నీళ్ళు మారుస్తూ ఉండాలని, కంపు పూర్తిగా పోయాకే అక్వేరియంలో పెట్టాలని, లేకపోతే చేపలు బతకవని కొట్టతను చెప్పాడు. అతను చెప్పింది భర్తకి. భర్త ఆమెకి చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఏది చచ్చిందో ఏది బతికుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. తెల్లగా మెత్తగా ఉన్నదాన్ని గీకబోతే అది కాస్త ముడుచుకున్నట్టనిపించి చెయ్యి ఆగిపోయింది. ఊదారంగు మచ్చ రుద్దేస్తే, అసలు అందమే అదని భర్త కసిరాడు. అత్తగారు ముక్కు మూసుకునే తిరుగుతోంది. ఇల్లంతా కంపట, కోడలి చేతులూ అదే కంపట, ముద్ద దిగడం లేదట. స్నేహితులతో ఫోన్లో మాత్రం భర్త, రాళ్ళు తనే తయారు చేస్తున్నానని, దానికి చాలా ఓపిక కావాలని చెబుతున్నాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వుకోవాలో తెలియక ఆమె నీళ్ళు మార్చింది.

"రేపు చేపలు తెస్తున్నా. వాసన పోయిందా?" అన్నాడు ఆ సాయంత్రం.

వంగి చూసింది. ఏ వాసనా లేదు. అనుమానం వచ్చి సబ్బు వాసన చూసింది. దానికీ లేదు. ఈమధ్య పొయ్యి మీద పాలు మాడినా ఎవరో అరిస్తేనే తెలుస్తోంది.

"నాకు తెలియడం లేదండీ. మీరొకసారి చూడండి."

"నాకేం తెలుస్తుంది? పొద్దస్తమానం దాంతో ఉండేది నువ్వేగా."

"నీ పెళ్ళానికి ఏది తెలిసింది గనక, ఇది తెలియడానికి" అంది హాల్లోంచి అత్తగారు.

పోయిందంటే, రేపు చేపలు చస్తే తన తప్పు. పోలేదంటే, పని సరిగ్గా చెయ్యలేదని తన తప్పు. భర్త ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలోనే మొహం చిట్లిస్తాడు. అత్తగారు నడకకి వెళ్ళొచ్చి మరీ ముక్కు మూసుకుంటుంది. బయటికి వెళ్ళివచ్చేవాళ్ళకే ముక్కులు పనిచేస్తున్నాయి.

లేచి చేతులు కడుక్కుంది. రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. అక్క వాళ్ళింటికని, నీళ్ళు మార్చుకోమని భర్తతో చెప్పింది.

"ఇప్పుడా? మళ్ళీ ఎప్పుడొస్తావు?"

చెప్పులేసుకుంటూ నిజంగానే ఆలోచించింది.

"ముందు నాకు వాసన తెలియనివ్వండి. తెలిశాక ఈ ఇంట్లోకి రాగలనో లేదో, అదీ అప్పుడే తెలుస్తుంది."