నాలుగు గంటల చూపు

పాండురంగం బల్ల మీదికి వంగి, ఉప్పునీళ్లు నింపిన రెండో లెన్సును కంటికి అదిమాడు. చిన్న గిన్నెలాంటి ఆ లెన్సు నల్లగుడ్డును దాటి తెల్లగుడ్డు మీద కూర్చుంది. చెంప మీదికి నీళ్లు జారాయి. ఎదుటి అరల్లోని సీసపు అక్షరాలు నీడలు వదిలించుకుని నిలబడ్డాయి. గోడ గడియారంలో పది.

తాండూరులోని ఆ ప్రెస్సులో అతను ఇరవై రెండేళ్లుగా ఆ అక్షరాలు పేర్చే కంపోజిటరు. పెళ్లి కార్డులు, పప్పు మిల్లుల కరపత్రాలు. సోడాబుడ్డి అద్దాల పీడ వదులుతుందంటే 1984లో హైదరాబాదు వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు. నల్లగుడ్డు మీద పెట్టిన గాట్లు మానాక ప్రతి వస్తువుకూ మూడు నాలుగు నీడలు మొలిచాయి. ఏ అద్దాలూ పనిచేయలేదు. మూడేళ్లకు మరో డాక్టరు అతని కళ్లకు మెత్తని ముద్దతో అచ్చు తీసి, ఆ కొలతకే ఈ లెన్సులు చేయించాడు. రోజుకు నాలుగు గంటలే పెట్టుకోవాలని, మించితే కళ్లు వాస్తాయని చెప్పాడు.

ఆ నాలుగు గంటలూ ప్రెస్సుకే పోయేవి. తీసి డబ్బీలో పెట్టాకే ఇంటికి నడిచేవాడు.

ఆరోజు వికారాబాద్ నుంచి కాగితం రాలేదు.

"ఇయ్యాల పని లేదు పాండన్నా, ఇంటికి పో" అన్నాడు ఓనరు ఇమాముద్దీన్.

ఇంకా మూడు గంటల చూపు మిగిలి ఉంది. తీయబుద్ధి కాలేదు. పెళ్లాం ముఖం సరిగ్గా చూసి మూడేళ్లు దాటింది.

మొగులమ్మ వాకిట్లో కందులు చెరుగుతూ తలెత్తింది. చెంపలు లోపలికి పోయాయి. మెడ కింద ఎముకలు తేలాయి. కళ్లలో తెలుపే లేదు, అంతా పసుపు.

"గిట్ల ఎప్పటిసంది?"

చేట ఆగింది. "అవి పెట్టుకొనే వచ్చినవా?" అంటూ కొంగు మెడ మీదికి లాక్కుంది. "ఆర్నెల్లయితుంది."

"నాకు చెప్పద్దా?"

"నీ కండ్ల పరేషాన్ నీకుండె. అది తీరినంక చెప్దామనుకున్న. తీరినంక నువ్వు మస్తు ఖుషీగుంటివి. నోరు రాలే."

అతను ఆమె పక్కనే కూర్చుండిపోయాడు. రెండు దాటింది. కళ్లు మండసాగాయి.

"తియ్యి ఇగ" అంది. తీయలేదు.

మర్నాడే హైదరాబాదు తీసుకుపోయాడు. కాలేయం చెడి చాలా నెలలైందన్నారు. వానలు మొదలుకాకముందే ఒక మధ్యాహ్నం, అతను మంచినీళ్లు ముంచుకొచ్చేలోపు ఆమె పోయింది.

దినాలయ్యాక ఇంట్లోనే లెన్సులు పెట్టుకుని ఆమె ట్రంకుపెట్టె తెరిచాడు. పైనే ఆకుపచ్చ రవిక. తిరగేసి చూశాడు. రెండు పక్కలా ఒకదానికంటే ఒకటి లోపలికి జరిపి, చేత్తో బిగించుకున్న మూడు వరసల కుట్లు. మూడో వరస చివర, దారంతో పాటు సూది ఇంకా వేలాడుతోంది.