సీసం చేతులు

"చేతులు సబ్బు పెట్టి కడిగినవా? గా సీసం చేతులతోని అన్నం ముట్టకు" అంది మా అత్తమ్మ రుద్రమ్మ, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే. నేనింకా బాల్కనీలోనే ఉన్నాను. పాత టూత్‌బ్రష్‌తో, సర్ఫు నీళ్లతో సీసం అచ్చు అక్షరాలు తోముతున్నాను. బియ్యం నానబెట్టాలి, మా అమ్మాయి చంద్రిక కోచింగ్ నుంచి వచ్చే వేళయింది, మెట్రోలో తలుపు దగ్గర నిలబడొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

ఈ మాట నాకు కొత్త కాదు. అమీర్‌పేట సందులో మా ఆయన విజయేందర్‌కు ప్రెస్సు ఉన్న రోజుల్లో అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఓదెలు మానేశాడు. ఇంకొకణ్ని పెట్టుకోలేదు, నన్ను కూర్చోబెట్టారు. "ఇంట్ల మనిషివి, నీకు జీతమేంది?" అని నవ్వాడు మా ఆయన. పదో తరగతి చదివినదాన్ని, అక్షరాలు వచ్చు కదా అనుకున్నాను. కానీ సీసం అక్షరం తిరగబడి ఉంటుంది, దాన్ని తలకిందులుగా పేర్చాలి. అది అలవాటయ్యేదాకా కళ్లు గుంజేవి. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, కోచింగ్ సెంటర్ల హాల్ టికెట్లు అన్నీ పేర్చాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి వంట. వంటకు ముందు అత్తమ్మ గడపలో నిలబడి నా చేతులు వాసన చూసేది. పేర్చేటప్పుడు పనికొచ్చిన చేతులు పొయ్యి దగ్గరికి వచ్చేసరికి విషమయ్యేవి.

చంద్రిక కడుపులో ఉన్నప్పుడు కూడా పేర్చాను. ఆ భయం ఇప్పటికీ పోలేదు. దానికి కడుపునొప్పి వస్తే సీసం, తల తిరిగితే సీసం, పరీక్షలో మార్కులు తగ్గితే కూడా సీసమే అనుకుంటాను. బేగంపేట డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి ఏమీ లేదంది. కాయితం తప్పేమోనని నేనింకా అనుమానిస్తూనే ఉన్నాను.

కంప్యూటర్లు వచ్చాయి, ఫ్లెక్సీలు వచ్చాయి, ప్రెస్సు మూతపడింది. అక్షరాలు గోనె సంచుల్లో అటక మీద పడి ఉన్నాయి. పంజాగుట్టలో ఫ్రేముల షాపు నడిపే మంజూష పాత పెళ్లి కార్డుల మీద బొమ్మలు అచ్చేసే బ్లాకులు కావాలని మా ఇంటికి వచ్చింది. కింద షాపులో దేవుళ్ల పటాలకూ, పోయినవాళ్ల ఫొటోలకూ ఫ్రేములు కడతారు. పైగదిలో బొమ్మల ప్రదర్శన పెడుతుంది. నేను సంచి కిందికి దించి, అలవాటు కొద్దీ అక్షరాలను నేల మీద వరుసలు కడుతుంటే ఆ అమ్మాయి కాసేపు చూసింది. "అక్కా, వీటిని మీరే ఒక బొమ్మలా పేర్చి ఇవ్వండి. ఫ్రేమ్ నేను కట్టి పైగదిలో పెడతాను" అంది.

అలా మొదలైంది ఈ తోముడు. మంచి అక్షరాలు పక్కన పెట్టి, అరిగిపోయినవి ఏరాను. ప్రతి పెళ్లి కార్డులో ముందు నిలబడీ నిలబడీ 'శ్రీ'ల మొహాలు చదునైపోయాయి. ప్రెస్సులో వాటిని పారేసే డబ్బాలో వేసేవాళ్లం. వాటినే పాత గళ్ల పెట్టెలో వరుసలుగా నింపాను. మధ్యలో అరిగిన గణపతి బ్లాకు. పైన అద్దం. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఊడి ఎవరి నెత్తినైనా పడితే? వెనక మందం చెక్క వేయించి, రెండు కొక్కాలు పెట్టించేదాకా నాకు నిద్ర పట్టలేదు.

నిన్న మంజూష ఫోన్ చేసింది. "కింద చీటీ పెట్టాలక్కా, చేసినవాళ్ల పేరు. ఏం రాయమంటారు?"

"ఆయన్ని అడిగి చెప్త" అన్నాను. ఏది అడిగినా నా నోట్లో ముందు వచ్చే మాట అదే.

"విజయేందర్ ప్రింటర్స్ అని రాయమను" అన్నాడు మా ఆయన, రాత్రి అన్నం కలుపుకుంటూ. "ప్రెస్సు నాది, అక్షరాలు నావి. నువ్వు గూసొని పేర్చినవ్, గంతే గదా."

"ఆడిదాని పేరు గోడకెక్కుడు సచ్చినంకనే" అంది అత్తమ్మ. ఇద్దరూ నవ్వారు. చంద్రిక నవ్వలేదు. కంచం వైపు చూస్తూ కూర్చుంది. రేపు ఇంకో ఇంట్లో ఇది కూడా ఆయన్ని అడిగి చెప్తానంటుందని నాకు భయమేసింది. సీసం కంటే పెద్ద భయం.

ఈ రోజు షాపుకు వెళ్లాను. మంజూష కంప్యూటర్ ముందు కూర్చుని, "బావగారు ఏమన్నారక్కా?" అంది.

"నువ్వు ఆగు" అన్నాను. వెంట తెచ్చిన సంచిలో మిగిలిన మంచి అక్షరాల్లోంచి నాకు కావలసినవి వెతికాను. తలకిందులుగా పేర్చి, దారంతో బిగించి కట్టాను. స్టాంపు ప్యాడ్ మీద అద్ది మందపాటి కాగితం మీద నొక్కాను. మొదటిది అలుక్కుపోయింది. రెండోది నల్లగా, తిన్నగా పడింది.

సుకన్య.

ఎందరి పేర్లో పేర్చాను. నా పేరు అచ్చయింది నా పెళ్లి కార్డు మీదే, అదీ వేరే ప్రెస్సులో. మంజూష కాగితం ఆరేదాకా ఊది, ఫ్రేము కింద అంటించింది. కొక్కాలు ఇంకోసారి లాగి చూసి బయటికొచ్చాను.

దారిలో ఆయన ఫోన్. "ఏడున్నవ్? అమ్మకు ఆకలైతుందట. జల్ది రా."

ఇంటికొచ్చేసరికి ఆయనా అత్తమ్మా టీవీ ముందున్నారు. చంద్రిక పుస్తకం మూసి నా వేళ్ల వైపు చూసింది. గోళ్ల సందుల్లో నలుపు. అత్తమ్మ ఎప్పటిలాగే, "చేతులు కడుక్కున్నవా?" అంది.

"లేదు" అన్నాను, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నా చేతులకు సీసం ఉన్నది అత్తమ్మా. ఇయ్యాల మీరే వండుకోండ్రి."