మూడో నంబరు బండి

ఎడపల్లి రైలు గేటు దగ్గర పొద్దున పదింబావుకు అందరూ ఆగుతారు. మోటార్ సైకిళ్ళు ఆగుతాయి, నాట్లకు పోయే ఆటోలు ఆగుతాయి, నవీపేట సంతకు పోయే మేకలు కూడా ఆగుతాయి. గేటు లేదు. పట్టాలూ లేవు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాదే వాటిని పీకి తుక్కు కింద అమ్మేశారు. ఆ సంగతి చెరుకు బండికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పన్నెండు డబ్బాల చెరుకుతో అది పదకొండేళ్ళుగా తారు రోడ్డును అడ్డంగా దాటి, పొలాల మీదుగా బోధన్ వైపు పోతుంది. మర్నాడు మళ్ళీ ఇటునుంచే వస్తుంది. ఎట్లా వస్తుందని అడిగేంత తీరిక ఊళ్ళో ఎవరికీ లేదు. ఆలస్యం మాత్రం చేయదు. బస్సుల వాళ్ళు దాన్ని చూసి నేర్చుకోవచ్చు, నేర్చుకోరు.

ఇంజిన్‌లో ఆశన్న ఉంటాడు. ఆయన అసిస్టెంటు మాత్రమే. డ్రైవరు రామ్‌దాస్. డ్రైవరు ఇంజిన్ దిగితే గేరు పిడి ఊడదీసి జేబులో వేసుకుని దిగాలని ఫ్యాక్టరీ రూలు. ఫ్యాక్టరీ చివరి రోజు గేటు దగ్గర రామ్‌దాస్ ‘చాయ్ తాగొస్త’ అని చెప్పి రూలు ప్రకారమే దిగాడు. బ్రేకు గట్టిగా బిగించడం మరిచాడు. అక్కడ పట్టాలు బోధన్ వైపు వాలు. నర్సన్న హోటల్లో గ్లాసు చేతికి వచ్చేలోపు బండి కదిలింది. పిడి లేనిదే అది ఆగదు, ఇంతవరకు ఆగలేదు. మరుసటి వారమే రామ్‌దాస్ పిడిని ఇంజిన్‌లోకి విసిరాడు. ఆశన్నకు చిన్నప్పటి నుంచి క్యాచ్ పట్టడం రాదు. పిడి కాలువలో పడింది.

దూకొచ్చు కదా అంటే, నడిచే బండిని అసిస్టెంటు విడిచిపెట్టకూడదని ఇంకో రూలు. బయటివాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదని మరొకటి. పెళ్ళాం బయటిది కాదు కాబట్టి హన్మవ్వ రోజూ వెదురు రింగుకు టిఫిను డబ్బా కట్టి ఎత్తి పట్టుకుంటుంది. ఆశన్న రింగులోకి చెయ్యి దూర్చి లాక్కుంటాడు, నిన్నటి ఖాళీ డబ్బా విసురుతాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు. అంత టైము దొరకదు.

రామ్‌దాస్ ఆ రోజు నుంచి చాయ్ ముట్టలేదు. షుగర్ వచ్చిందని ఊళ్ళో ప్రచారం. పదింబావుకు తలుపేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. అది చూడలేక బిడ్డ శిరీష నిజామాబాద్ నుంచి బొమ్మరైలు తెచ్చింది. ఆమె అక్కడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది, తండ్రికి తప్ప అందరికీ నచ్చజెప్పగలదు.

ఊరు మొదటిసారి దిగ్భ్రాంతి చెందింది అప్పుడే. అరవై ఆరేళ్ళ మనిషి నేల మీద బోర్లా పడుకుని బొమ్మరైలు ఆడటమా! పక్కింటి వెంకటసుబ్బారావు కిటికీలోంచి తొంగి చూశాడు. ఆయన తాతల కాలంలో గుంటూరు నుంచి వచ్చారు. ఇప్పటికీ ఆయన మాట్లాడితే మొన్నే దిగినట్టు ఉంటుంది.

“ఏంటండీ రామ్‌దాస్ గారూ, మనవలు కూడా లేరు కదా, ఎవరి కోసమండీ ఇదంతా?”

“నీ కోసమే. పీపీ ఊదుత, లోపలికి రా.”

కానీ అది ఆట కాదు, చదువు. పాత బొమ్మరైళ్ళలో కరెంటు పెంచితే పట్టాల మీదున్న ఇంజిన్లన్నీ ఉరుకుతాయి. ఈ డిజిటల్ రకంలో ప్రతి ఇంజిన్ కడుపులో ఒక చిప్పు, ఆ చిప్పుకో నంబరు ఉంటాయి. రిమోట్‌లో నంబరు కొట్టి పిలిస్తే ఆ ఇంజినే పలుకుతుంది. రామ్‌దాస్ రెండు ఇంజిన్లు పెట్టి ఒకదాన్ని పిలిస్తే రెండూ ఉరికి గుద్దుకున్నాయి. శిరీషకు ఫోన్ చేశాడు.

“కొత్త ఇంజిన్ ఏదైనా మూడో నంబరుతోనే వస్తది బాపు. ఒకదాన్ని పక్కకు తీసి, రెండోదానికి వేరే నంబరు ఎక్కియ్యాలె. పుస్తకంల ఉన్నది, సదువు.”

అరవై పేజీల ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పెట్టుకుని చదివాడు. ఊరు రెండోసారి దిగ్భ్రాంతి చెందింది. ఇంజిన్ ఆగి ఆగి నడిస్తే చక్రాలకు మురికి పట్టిందని స్పిరిటుతో తుడిచాడు. రిమోట్ కూత పెడితే పట్టాల మీద మేకు పడి కరెంటు షార్టయిందని వెతికి తీశాడు. రెండు నెలల్లో ఒక ఇంజిన్ ఏడో నంబరు, ఇంకోటి తొమ్మిది అయ్యాయి. మూడో నంబరు ఖాళీగా మిగిలింది.

సోమవారం హన్మవ్వ చెయ్యి లేవలేదు. భుజం పట్టేసింది. డబ్బా రోడ్డు మీద పడి, పప్పు మేకల పాలైంది. చెయ్యి ఎత్తొద్దని డాక్టరు అన్నాడు. మంగళవారం ఆమె ఎడమచేత్తో ఎత్తింది, అందలేదు. ఆశన్న తువ్వాల ఊపుతూ పోయాడు, రోజూ ఊపినంత గట్టిగా కాదు.

అదే సమయంలో ఇంట్లో రామ్‌దాస్ ఏడు కొట్టబోయి మూడు కొట్టాడు. గది పట్టాల మీద ఏదీ కదల్లేదు. రిమోట్ మీది వేగం గుండీని వెనక్కి తిప్పాడు. బయట పెద్ద కేక వినిపించింది.

చెరుకు బండి వెనక్కి వస్తోంది. గేటు దాటినది దాటినట్టే, తోక ముందుగా. నర్సన్న పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చాడు. వెంకటసుబ్బారావు కిటికీ రెక్క వేసి, మళ్ళీ తీసి చూశాడు. బండి రావడం ఎవరికీ వింత కాదు. వెనక్కి రావడం ఏం పద్ధతి? రామ్‌దాస్ కిటికీలోంచి చూసి, గుండీ ముందుకు తిప్పాడు. బండి ముందుకు పోయింది. దాని ఇంజిన్ మూతి మీద తెల్ల రంగుతో రాసిన అంకె ఆయనకు అప్పుడు కనబడింది. మూడు. పదకొండేళ్ళు గోడను చూసినవాడికి తన బండి నంబరైనా ఎలా గుర్తుంటుంది?

సాయంత్రం హన్మవ్వ ఆయన గడపలో కూలబడింది.

“అన్నా, ఆయిన రెండు దినాల సంది ఏం తినలే. గా పెట్టెతోని బండి ఆపుతవా? ఆపకుంటే దాన్ని తీస్కపోయి కాల్వల ఏస్త.”

“ఆపుత చెల్లె. రేపే.”

బుధవారం రామ్‌దాస్ రిమోట్ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. పదకొండేళ్ళ తర్వాత ఆయన్ను ఆ వేళకు అక్కడ చూసి మేకలు తప్ప అందరూ నిలబడిపోయారు. ఆయన గుండీని సున్నాకు తిప్పాడు. బండి నెమ్మదించింది, కానీ ఆగకుండా జారుతూ జారుతూ రిమోట్ అందే దూరం దాటి, మళ్ళీ వేగం అందుకుంది. ఆశన్న వెనక్కి తిరిగి చూస్తూనే పోయాడు.

“ఎర్ర బటన్ ఒత్తాల్నా?” అని ఫోన్లో శిరీషను అడిగాడు రామ్‌దాస్.

“వద్దు బాపు! గా బటన్ ఒత్తితే ఉన్నకాడ్నే ఆగుతది. చెరుకు నిండుగున్నది, డబ్బాలు పల్టీ కొడ్తయి, ఆశన్న కాక కింద పడ్తడు. నాలుగో సెట్టింగు సూడు. ఆగుడుకు ఎంతసేపు పట్టాల్నో అండ్లనే ఉంటది.”

ఆ రోజంతా బొమ్మ డబ్బాల్లో నట్లు, బోల్టులు నింపి, సెట్టింగు తగ్గిస్తూ, ఎంత దూరంలో ఆగుతుందో జానతో కొలిచాడు. నర్సన్న హోటల్ నుంచి గేటు దాకా అడుగులు లెక్కపెట్టుకున్నాడు.

గురువారం ఎడపల్లి మొత్తం గేటు దగ్గరే ఉంది. పని ఉన్నవాళ్ళు కూడా వచ్చారు, ఇద్దరే లెండి. బండి రాగానే రామ్‌దాస్ కొత్త లెక్కను మూడో నంబరుకు ఎక్కించి, హోటల్ ముందుకు ఇంజిన్ వచ్చేదాకా ఆగి, గుండీ తిప్పాడు. చెరుకు గెడలు కిర్రుమన్నాయి. చక్రాలు మూలిగాయి. ఇంజిన్ సరిగ్గా రోడ్డు మధ్యలో ఆగింది.

ఆగిన బండిని ఏం చేయాలో ఊరికి తెలియదు. పోతుంటే పక్కకు జరగడమే తెలుసు.

“దిగు!” అంది హన్మవ్వ.

“ఎట్ల దిగుత? డ్రైవరు రాకుండ బండి ఇడ్వద్దు. రూలు,” అన్నాడు ఆశన్న. ఆకలికి గొంతు పీలగా వచ్చింది.

అందరూ రామ్‌దాస్ వైపు చూశారు. ఆయన చొక్కా సర్దుకుని, రిమోట్ జేబులో పెట్టుకుని, మెట్టెక్కాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. రామ్‌దాస్ జుట్టు పూర్తిగా నెరిసింది. ఆశన్నది ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు.

“చాయ్ తాగొచ్చిన,” అన్నాడు రామ్‌దాస్.

“గింత సేపా అన్నా?”

“తాగనే లేదురా.”

ఆశన్న తువ్వాల భుజాన వేసుకుని దిగాడు. కదలని నేల మీద ఆయన కాళ్ళు తడబడ్డాయి. హన్మవ్వ నొప్పి లేని చేత్తో పట్టుకుంది. ఇంటికి పోయేలోపే పదకొండేళ్ళ పోట్లాట మొదలైంది, పప్పులో ఉప్పు దగ్గర.

ఇంజిన్‌లోనే ఉండి రామ్‌దాస్ గుండీ తిప్పాడు. బండి కదిలింది.

మర్నాడు పదింబావుకు అందరూ అలవాటుగా ఆగారు. బండి వచ్చింది, హోటల్ ముందు నెమ్మదించి, గేటు దగ్గర ఆగింది. ఊరు మళ్ళీ దిగ్భ్రాంతి చెందింది. ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఆగని చోటది. రామ్‌దాస్ బ్రేకు రెండుసార్లు బిగించి చూసుకుని, రిమోట్ జేబులో వేసుకుని, కిందికి దిగి హోటల్లో కూర్చున్నాడు.

“నర్సన్నా, చాయ్,” అన్నాడు. “షక్కర జర ఎక్కువెయ్యి.”