కొండ మీద నాకిచ్చిన చోటు

ఈ ఏడాది కూడా కుంచె నా చేతికే ఇచ్చింది అత్తయ్య. "నీ చెయ్యి నిలకడగా ఉంటుందమ్మాయీ. మావాడు రాస్తే రంగు గీతలు దాటిపోతుంది" అంది. పెళ్ళయిన ఏడాది నుంచీ ఇదే మాట. చింగ్‌మింగ్ నాడు పెద్దల సమాధులు శుభ్రం చేసుకోవడానికి అందరం నింగ్‌బో నుంచి కార్లలో బయల్దేరి మా ఆయన వెయ్‌మిన్ వాళ్ళ సొంతూరి కొండెక్కుతాం. మగవాళ్ళు అగరొత్తులు వెలిగించి మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి, పైన్ చెట్ల కిందకి పోయి సిగరెట్లు కాల్చుకుంటారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ మీద చెక్కిన పేర్లలో వానలకు వెలిసిపోయిన రంగు మళ్ళీ నింపుతాను. పోయినవాళ్ళ పేర్లకి నలుపు, ఉన్నవాళ్ళ పేర్లకి ఎరుపు. మామయ్య పేరు నల్లగా ఉంటుంది. అదే రాయి మీద పక్కనే అత్తయ్య పేరు ఎర్రగా ఉంటుంది. ఆవిడ నా వెనకాలే పీట వేసుక్కూర్చుని, నేను తెల్లవారకముందే లేచి చేసిన మాచిపత్రి పిండి ఉండలు తింటూ, తన పేరుకి రంగు సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటూ ఉంటుంది.

నా పేరు సోల్‌వెగ్. పుట్టింది నార్వేలో. నింగ్‌బోలో విదేశీయుల పిల్లల బడిలో చైనా చరిత్ర చెబుతాను. బడిలోనే కాదు, ఆదివారాలు మా విదేశీ మిత్రబృందం కలిసినప్పుడు కూడా నేనే చెప్పాలి. ఇక్కడివాళ్ళు ఇలా ఎందుకు చేస్తారు, అలా ఎందుకంటారు అని కొత్తగా వచ్చినవాళ్ళు తలలు పట్టుకుంటే అన్నిటికీ నా దగ్గర జవాబు ఉంటుంది. నేను కొత్తలో పిల్లల పరీక్ష కాగితాల మీద వాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో రాశాను. వాళ్ళలో చైనా తల్లులున్న పిల్లలూ ఉన్నారు, ఆ తల్లులు బడి మీదకి వచ్చారు. ఇంటికొస్తే అత్తయ్య నా చేతిలో పెన్ను లాక్కుని, "ఎర్రగా పేరు రాస్తే ఆ మనిషితో తెగతెంపులు చేసుకున్నట్టు. ఎవరి పిల్లల్ని చంపుదామని?" అంది. ఆ కథ ఇప్పటికి ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పానో. కాగితం మీద ఎరుపు చెడ్డది, రాతి మీద ఎరుపు ఆయుష్షు అని వివరించి మరీ చెప్పాను. మా బృందంలో హెండ్రికా అనే డచ్చావిడ ఉంది. నాలుక చాలా పదును. "నీకు వివరణ దొరకని విషయం లేదు సోల్‌వెగ్. రేపు నిన్ను బావిలో తోసినా, పైకొచ్చి అది ఏ రాజవంశం నాటి ఆచారమో చెబుతావు" అంది ఒకసారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నిజానికి మొదట్నుంచీ నేను చేసింది అదే. కొత్త సంవత్సరం విందులో చేప కూర నా దాకా వచ్చేసరికి తలా తోకా మిగిలితే, పెద్దల వరస అని వివరించుకున్నాను. మామయ్యకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు, "చెల్లెలు హాంగ్‌జౌలో, నేను ఆఫీసులో. కోడలు చూసుకోవడం మా పద్ధతి, నీకు తెలియనిదేముంది" అన్నాడు వెయ్‌మిన్. బడిలో సగం పూట పనికి మారాను. ఆయన పోయేదాకా పక్క గుడ్డలు ఉతికాను, ఒళ్ళు తుడిచాను, గంజి తాగించాను. అది పితృభక్తి అనీ, రెండున్నర వేల ఏళ్ళ నాటి విలువ అనీ పాఠంలా నాకు నేనే చెప్పుకున్నాను. అది ఎవరి భక్తి, ఎవరి చేతులు చేశాయి అన్న ప్రశ్న నాకు తట్టనేలేదు. వెయ్‌మిన్ ఆఫీసు విందుల్లో సారా గ్లాసు ఎత్తి, "మా ఆవిడకి మన చరిత్ర మనకంటే బాగా తెలుసు. ఏదీ, మింగ్ వంశం తర్వాత ఎవరొచ్చారో చెప్పు" అనేవాడు. నేను చెప్పేదాన్ని. వాళ్ళు చప్పట్లు కొట్టేవారు. అది ప్రేమ అనుకున్నాను, ఏం చెయ్యను.

ఈసారి మామయ్య రాయి అయ్యాక లేవబోతుంటే, "కూర్చో, ఇంకొకటుంది" అంది అత్తయ్య. పక్క స్థలంలో ఎర్ర గుడ్డ కప్పిన కొత్త రాయి ఉంది. ఎవరో పక్కింటివాళ్ళదేమో అనుకున్నాను. వెయ్‌మిన్ సిగరెట్ పారేసి నవ్వుకుంటూ వచ్చి, పుట్టినరోజు కానుక విప్పినట్టు ఆ గుడ్డ లాగాడు.

రాయి మీద రెండు పేర్లున్నాయి. షెన్ వెయ్‌మిన్. పక్కన, భార్య బాయ్ షున్.

బాయ్ షున్ ఎవరో గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. పెళ్ళిలో బంధువులకి నా పేరు నోరు తిరగడం లేదని అత్తయ్య అప్పటికప్పుడు పెట్టిన పేరది. తెల్లపిల్లని కాబట్టి బాయ్, చెప్పిన మాట వినాలి కాబట్టి షున్. పెళ్ళి మరుసటి రోజు నుంచి ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. అది పోయిందనుకున్నాను. ఇక్కడ రాతిలో చెక్కి ఉంది. నలభై నాలుగేళ్ళ నేను, వంట్లో ఏ జబ్బూ లేని నేను, నా సమాధి ముందు రంగు డబ్బా పట్టుకుని కూర్చున్నాను.

"ఎప్పుడు చేయించావు?" అన్నాను.

"చలికాలంలోనే. పక్క స్థలం ఎవరికో వెళ్ళిపోయేది. నిన్ను ఆశ్చర్యపరుద్దామని చెప్పలేదు."

"నన్ను అడగాలనిపించలేదా?"

"ఇందులో అడగడానికేముంది? నువ్వు నా భార్యవి. నా పక్కన కాక ఎక్కడుంటావు?" అన్నాడు వెయ్‌మిన్. నిజంగానే అర్థం కాలేదు అతనికి.

అత్తయ్య చేతికంటిన పిండి దులుపుకుంది. "ఎంతమంది వద్దన్నారో తెలుసా నీకు? పరాయి దేశపు పిల్లకి మన కొండ మీద చోటేమిటని మీ చినమామయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. నేను పోట్లాడి తెచ్చాను నీకీ చోటు." తర్వాత మెల్లగా అంది, "నన్ను మాత్రం ఎవరడిగారు? రాయి నిలబెట్టాక తీసుకొచ్చి చూపించారు. నా పేరు నేను చదువుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం వండాను."

ఆవిడ మీద కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. నా బుర్ర అలవాటు కొద్దీ వివరణ వెతకడం మొదలుపెట్టింది. దంపతుల జంట సమాధి ఎప్పటి నుంచి ఉంది, బతికుండగానే రాయి నిలబెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందన్న నమ్మకం ఎక్కడ పుట్టింది, బయటి కోడలికి కొండ మీద చోటివ్వడం ఎంత గౌరవం. వచ్చే ఆదివారం హెండ్రికాకి ఎలా చెప్పాలో కూడా వాక్యాలు వచ్చేస్తున్నాయి. "ఇది వాళ్ళ సంస్కృతి" అని పైకే అనేశాను.

"సంస్కృతి అనకు వదినా" అంది యున్‌ఫాంగ్. వెయ్‌మిన్ చెల్లెలు, హాంగ్‌జౌలో పళ్ళ డాక్టరు. అప్పటిదాకా చీపురుతో ఆకులు ఊడుస్తోంది. "మా అత్తగారివాళ్ళకీ కొండ ఉంది, రాయి ఉంది. నీ పేరు చెక్కించనా అని మా ఆయన అడిగాడు. వద్దు, నా బూడిద సముద్రంలో కలపండి అన్నాను. రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు, అంతే. మేమూ చైనావాళ్ళమేగా. అడక్కుండా చెయ్యడం మా అన్న అలవాటు. దాన్ని మా అందరికీ అంటగట్టకు."

"నువ్వూరుకో" అన్నాడు వెయ్‌మిన్ చెల్లెలితో. నా వైపు తిరిగి, "అవతల హోటల్లో భోజనాలకి చెప్పి ఉంచాం. రెండు పేర్లేగా, తొందరగా రంగు నింపెయ్" అన్నాడు.

నేను కుంచె ఎర్ర రంగులో ముంచాను. ఎందుకు ముంచానో నాకు తెలియదు. అతని పేరు పూర్తిచేశాను. తర్వాత బాయ్ అన్న అక్షరం మొదటి గీత నింపాను. గీత చక్కగా వచ్చింది, ఒక్క చుక్క పక్కకి పోలేదు. అది చూసి నిర్ఘాంతపోయాను. రాయి చూసినప్పటికంటే ఎక్కువ భయం అప్పుడు వేసింది. లోపల నేను ఇంతలా వణికిపోతుంటే, నా చెయ్యి మాత్రం నిలకడగా, చెప్పిన మాట వింటూ, నన్ను పూడ్చే పని చేసుకుపోతోంది.

కుంచె తీసి వెయ్‌మిన్ చేతిలో పెట్టాను. "గీతలు దాటినా ఫరవాలేదు" అని చెప్పి మెట్లు దిగాను. వెనక నుంచి "ఎక్కడికి? ఏమైంది నీకు?" అంటున్నాడు.

కొండ కింద రాళ్ళు చెక్కే ఆయన రేకుల పందిరి ఉంది. ముసలాయన టీ తాగుతున్నాడు. చెక్కిన పేరు పూడ్చడానికి వీలవుతుందా అని అడిగాను.

"రాతిపొడీ జిగురూ కలిపి పూడ్చొచ్చు. గీతలు కొంచెం తెలుస్తాయి. ఎవరి పేరు?"

"నాదేనట."

ఆయన టీ గ్లాసు దించి నన్ను ఎగాదిగా చూశాడు. "విడాకులా?"

"కాదు."

"వేరే ఊళ్ళో స్థలం తీసుకున్నారా?"

"లేదు. ఇంకా ఆలోచించలేదు."

"ఊరికే తియ్యనివ్వరమ్మా. శ్మశానం ఆఫీసులో కారణం అడుగుతారు. ఏమని చెప్పమంటావు?"

వెయ్‌మిన్ మెట్లు దిగొచ్చి నా వెనకాల నిలబడ్డాడు. కుంచె ఇంకా చేతిలోనే ఉంది. ఆ మాటకి ఒక జవాబు, ఒక చరిత్ర, ఒక రాజవంశం దొరుకుతాయేమోనని చూశాను. ఏవీ దొరకలేదు. ఎంత హాయిగా ఉందో.

"ఆ పేరు గల మనిషి లేదు" అన్నాను. "దాని కింద పూడ్చాలనుకున్న మనిషి బతికే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. అలా చెప్పండి."